మిషనరీ టీచర్‌గా పరాయి దేశం వెళ్తే తోటి టీమ్ నిజంగా కుటుంబం అవుతుందా?

నువ్వు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 26, పెళ్ళి కాలేదు, రెండేళ్ళ సేవకు ఒక మిషన్ స్కూల్లో లెక్కల టీచర్‌గా వెళ్తున్నావు. అక్కడ నీతో కలిపి ఏడుగురి టీమ్, నాలుగు దేశాల వాళ్ళు. పంపించే సంస్థ వాళ్ళు "ఇక టీమే నీ కుటుంబం" అన్నారు. అది నిజమా, ధైర్యం కోసం చెప్పే మాటా అని నీ సందేహం. ఒంటరిగా మిగిలిపోతానేమో అని టెన్షన్‌గా ఉందని కూడా రాశావు. అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నేను 9 ఏళ్ళు, రెండు దేశాల్లో, మూడు టీమ్‌లతో పనిచేశాను. ఇంగ్లీషు, సోషల్ చెప్పేదాన్ని. మూడింట్లో రెండు టీమ్‌లు నాకు కుటుంబం అయ్యాయి. ఒకటి కాలేదు. కాని దాని సంగతీ రాస్తాను, అది దాచిపెడితే నీకు సగం జవాబే ఇచ్చినట్టు.

ముందు ఒక మాట. "టీమే నీ కుటుంబం" అన్నది ఎవరో నీ చేతిలో పెట్టే హామీ అనుకుని వెళ్ళకు. మొదటి రోజు నీకు కనపడేది ఆరుగురు కొత్తవాళ్ళు. వాళ్ళను నువ్వు ఎంచుకోలేదు, నిన్ను వాళ్ళు ఎంచుకోలేదు. అందులో ఒకరి నవ్వు నీకు నచ్చదు, ఒకరు ప్రార్థనలో మరీ ఎక్కువసేపు మాట్లాడతారు, ఒకరు నీ పేరు ఆరు నెలలకు కూడా సరిగ్గా పలకరు. వాళ్ళు నీవాళ్ళు అవుతారు. కాని ఎలా అవుతారో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

నేను వెళ్ళేటప్పుడు మనసులో గట్టిగా ఒకటి అనుకున్నాను: ఎవరికీ భారం కాకూడదు. మందుల దగ్గర్నుంచి సూదీ దారం వరకూ అన్నీ సర్దుకుని వెళ్ళాను. పక్క గదిలో హాస్టల్ వార్డెన్ ఉండేది. యాభై దాటిన మనిషి, వేరే దేశం, వేరే భాష. రోజూ సాయంత్రం తలుపు తట్టి "ఏమైనా కావాలా?" అని అడిగేది. నేను రోజూ "ఏమీ వద్దండి, అంతా బాగుంది" అనేదాన్ని. నాలుగు నెలలు ఇదే. నా దృష్టిలో అది మర్యాద. ఆమెకు మాత్రం ఎలా అనిపించిందో నేను ఆలోచించలేదు.

అయిదో నెలలో నాకు మలేరియా వచ్చింది. మూడో రోజు రాత్రికి లేచి నిలబడలేకపోయాను. ఆ రాత్రి ఆమె అడగకుండానే లోపలికి వచ్చింది. చెమటకు తడిసిన దుప్పట్లు మార్చింది, నా తల ఒడిలో పెట్టుకుని మాత్ర మింగించింది, తెల్లవారే దాకా కుర్చీలోనే కూర్చుంది. నేను ముక్కోపి అని దూరంగా పెట్టిన సైన్స్ మాస్టారు తన పీరియడ్లతో పాటు నావి కూడా వారం పైగా తీసుకున్నాడు. తిరిగి క్లాసుకు వెళ్తే నేను ఆపిన పేజీ నుంచే పాఠం నడిచి ఉంది. బల్ల మీద నా నోట్స్ పక్కన ఆయన చేత్తో రాసిన నోట్స్ ఉన్నాయి. ఏ పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో పేరు పేరునా రాసి పెట్టాడు.

కాస్త కోలుకున్నాక వార్డెన్‌తో "మీకు చాలా కష్టం ఇచ్చాను" అన్నాను. ఆమె తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో, "నాలుగు నెలలు తలుపు కొట్టాను. ఇప్పుడు తెరిచావు" అంది. ఆ రోజు నుంచి నన్ను పేరుతో పిలవడం మానేసి, వాళ్ళ భాషలో "బిడ్డా" అని పిలిచేది.

చెల్లీ, ఎవరి సాయమూ అక్కర్లేదు అనుకునే ఈ జబ్బు మిషనరీ టీచర్లకు ఎక్కువ. మనం ఇవ్వడానికి వెళ్తున్నాం అనుకుంటాం. పైగా టీచర్లం, రోజంతా తెలిసినవాళ్ళుగా నిలబడాలి. అలా నిలబడి నిలబడి సాయంత్రం ఇంటికొచ్చాక "నాకు చేతకావడం లేదు, కాస్త చూడండి" అనడానికి నోరు రాదు. మనం చేసిన సాయం వల్ల జనం మనల్ని గౌరవిస్తారు. మనకు సాయం చేయనిచ్చినప్పుడే దగ్గరవుతారు. నా 9 ఏళ్ళ అనుభవంలో దీనికి తిరుగు లేదు.

పౌలునే చూడు. రోమా పత్రిక 16వ అధ్యాయం మామూలుగా పేర్ల జాబితా అని దాటేస్తాం. అందులో 13వ వచనంలో రూఫు తల్లికి వందనాలు చెప్తూ, ఆమె తనకూ తల్లే అంటాడు. ఆమె ఎప్పుడు, ఎక్కడ ఆయనను తల్లిలా చూసుకుందో బైబిల్లో లేదు. కాని అంత పెద్ద సేవకుడు ఒకరి చేత బిడ్డలా చూడబడటానికి ఒప్పుకున్నాడు, ఆ సంగతి సంఘమంతా వినేలా రాశాడు. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లోనే ఉండి వాళ్ళతో కలిసి డేరాలు కుట్టాడు. ఒకే ఇంట్లో, ఒకే పని మీద పక్కపక్కన కూర్చుంటే ఎన్ని మాటలు దొర్లి ఉంటాయో ఊహించు.

సమయం సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కొత్తవాళ్ళు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, మంచి స్నేహం కుదరడానికి 90, బాగా దగ్గర కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాల్సి వస్తుంది. ఒకే కాంపౌండ్‌లో ఉంటే 200 గంటలు ఒక టర్మ్‌లోనే అయిపోతాయి అనుకుంటాం. కాని పని చేస్తూ గడిపిన గంటలకు అంత బలం ఉండదని కూడా ఆయనే గమనించాడు. స్టాఫ్ మీటింగులో పక్కపక్కన కూర్చున్నది లెక్కలోకి పెద్దగా రాదు. కరెంటు పోయిన రాత్రి వరండాలో కూర్చుని చిన్నప్పటి సంగతులు చెప్పుకున్నది లెక్కలోకి వస్తుంది. అందుకే వారంలో ఒక సాయంత్రం పని మాట ఎత్తకుండా గడపడం మా రెండో టీమ్‌లో నియమంగా పెట్టుకున్నాం. ఎవరైనా స్కూలు సంగతి మొదలుపెడితే మిగిలినవాళ్ళు లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టేవాళ్ళు. పిల్లచేష్టలా ఉంటుంది, కాని పనిచేసింది.

భాష విషయంలో ఒక సలహా. టీమ్‌లో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు, చాలామందికి అది సొంత భాష కాదు. ఒకసారి ఒకావిడ నాతో "నువ్వు ఇది ఇవాళే చేసి తీరాలి" అంది. నాకు ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, వాళ్ళ భాషలో ఎంతో వినయంగా బతిమాలే మాటను ఆమె ఇంగ్లీషులోకి మార్చేసరికి అలా వచ్చిందని. అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. టీమ్‌లో ప్రతి ఒక్కరి మాతృభాషలో పది మాటలు నేర్చుకునేదాన్ని: నిద్ర పట్టిందా, తలనొప్పి తగ్గిందా, అమ్మ ఎలా ఉంది, భయపడకు, నేనున్నాను. జ్వరంలో ఉన్నప్పుడు, ఏడ్చేటప్పుడు మనిషి తన భాషలోకి వెళ్ళిపోతాడు. అప్పుడు ఆ పది మాటలు చాలా ఉపయోగపడతాయి.

ఇక గొడవల సంగతి. ఇది వివరంగా రాస్తాను, ఎందుకంటే దీని గురించి వెళ్ళేముందు నాకు ఎవరూ చెప్పలేదు.

"కల్చర్ షాక్" అనే మాటకు ప్రచారం తెచ్చిన మానవ శాస్త్రవేత్త కలెర్వో ఓబర్గ్ 1954లోనే చెప్పాడు: కొత్త చోట మొదట అంతా ముచ్చటగా ఉంటుంది, తర్వాత అన్నిటి మీదా చిరాకు మొదలవుతుంది, ఆ పైన మెల్లగా సర్దుకుంటాం. నేను చూసింది ఏమిటంటే, ఆ చిరాకు ఆ దేశం వాళ్ళ మీద చూపించం. వాళ్ళ దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాం, సేవకులం కదా. అది వచ్చి టీమ్ మీద పడుతుంది. గ్లాసు కడగలేదని, తలుపు గట్టిగా వేశారని. మూడో నెలలో నీకు అందరూ ఒక్కసారిగా చెడ్డవాళ్ళుగా కనిపిస్తే, వాళ్ళు మారిపోయారని తీర్మానించకు. నీకు ఆ దశ మొదలైంది, బహుశా వాళ్ళకూ.

1990లలో 14 దేశాల మిషన్ సంస్థల నుంచి వివరాలు సేకరించి ఒక అధ్యయనం చేశారు, మిషనరీలు మధ్యలోనే ఎందుకు తిరిగి వచ్చేస్తున్నారని. తోటి మిషనరీలతో పొసగకపోవడం ఆ కారణాల్లో ఒకటిగా తేలింది. నాకైతే ఆశ్చర్యం అనిపించలేదు.

రెండో స్కూల్లో నాతో ఒకే ఇంట్లో ఉన్న టీచర్ పరీక్షల ఇన్‌చార్జ్. కొద్ది మార్కుల్లో తప్పిన ఒక అబ్బాయికి మళ్ళీ పరీక్ష పెడదామని నేను, కుదరదని ఆమె. ఇంట్లో సమస్యల వల్ల వాడు చదవలేకపోయాడని నా వాదన. వాడికి ఇస్తే మిగతా పిల్లలకు అన్యాయమని ఆమె వాదన. మాటా మాటా పెరిగింది. నేను ఆమెను జాలి లేని మనిషి అన్నాను. 11 రోజులు మాట్లాడుకోలేదు. ఒకే ఇల్లు, ఒకే వంటగది, రోజూ పొద్దున ఒకే బల్ల చుట్టూ ప్రార్థన. కళ్ళు మూసుకుని ఆమె గొంతు వింటుంటే నాకు ప్రార్థన రాలేదు. పన్నెండో రోజు రాత్రి వెళ్ళి ఆమె గది తలుపు తట్టాను. "ఆ మాట అనకూడదు, తప్పు నాది" అన్నాను. ఆమె కాసేపు చూసి, "పరీక్ష విషయంలో నువ్వు చేసింది తప్పే అని ఇప్పటికీ అనుకుంటున్నాను. లోపలికి రా" అంది.

ఆ రాత్రి రెండింటి దాకా మాట్లాడుకున్నాం. ఆ అబ్బాయి విషయంలో ఒప్పందానికి రాలేదు. అయినా ఆమె నాకు తోబుట్టువైంది ఆ గడప దగ్గరే. అంతకుముందు ఏడాది పాటు బాగానే ఉన్నాం, కాని గొడవ పడితే ఈ మనిషి ఉంటుందా పోతుందా అన్నది ఇద్దరికీ తెలియదు.

బెంగాల్‌లో కలకత్తా దగ్గరి సేరంపూర్ మిషన్ వాళ్ళు ఈ సంగతిని ముందే గ్రహించారు. 1800లో ఇంగ్లీషు మిషనరీలు విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ కుటుంబాలు అక్కడ ఒకే కప్పు కింద చేరాయి. ఒకటే భోజనాల బల్ల, ఒకటే డబ్బు సంచి, ఇంటి పెత్తనం వంతుల వారీగా. కేరీ భార్య డొరతీ మానసిక అనారోగ్యంతో ఏళ్ళ తరబడి బాధపడింది. కేరీ కొడుకులను దారిలో పెట్టినవాళ్ళలో వార్డ్, మార్ష్‌మన్ భార్య హన్నా ముఖ్యులు. హన్నా కూడా టీచరే, ఆమె, ఆమె భర్త నడిపిన స్కూళ్ళ ఆదాయం మిషన్‌కు పెద్ద ఆసరా అయింది. ఇంత దగ్గరగా బతికినవాళ్ళు శనివారం సాయంత్రాలు దేనికి కేటాయించుకున్నారో తెలుసా? ఆ వారంలో వచ్చిన తగాదాలు తీర్చుకోవడానికి. గొడవలు వస్తాయని ఒప్పుకుని, వాటికి ఒక వేళ పెట్టారు. మా ఇంట్లో కూడా ఆ తర్వాత శనివారం రాత్రులు అలాగే నడిపించుకున్నాం.

ఆ సేరంపూర్ కుటుంబం కూడా తర్వాత వచ్చిన యువ మిషనరీలను కలుపుకోలేకపోయింది. 1810ల చివర్లో వాళ్ళు విడిపోయి కలకత్తాలో వేరుగా పని పెట్టుకున్నారు. ఇది నీకు ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు వెళ్ళేది కూడా ముందే కుదురుకున్న టీమ్‌లోకి. వాళ్ళకు వాళ్ళ పాత జోకులు, పాత జ్ఞాపకాలు ఉంటాయి. కొన్ని వారాలు బయట నిలబడ్డట్టు ఉంటుంది. అది నీ మీద అయిష్టం కాదు. ఏడాది తర్వాత కొత్తవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం ఆ వారాలను గుర్తు తెచ్చుకో.

పౌలు, బర్నబా కూడా మార్కు అనే తోటి సేవకుడి విషయంలో తీవ్రంగా వాదించుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. చివరి రోజుల్లో పౌలే తిమోతికి రాస్తూ మార్కును వెంటబెట్టుకుని రమ్మన్నాడు. ఒక్కోసారి రాజీకి ఏళ్ళు పడుతుంది, అది వేరే ఊళ్ళో ఉన్నప్పుడు జరుగుతుంది. కాబట్టి ఎవరితోనైనా ఎంత ప్రయత్నించినా కుదరకపోతే నీ విశ్వాసంలో లోపం ఉందని కుంగిపోకు. ఒకటి మాత్రం చేయకు. ఎవరి మీదైనా ఉన్న ఫిర్యాదును ప్రార్థన మనవి పేరుతో పదిమందిలో పెట్టకు. "ఫలానా సిస్టర్ కోపం తగ్గేలా ప్రార్థించండి" అన్న ఒక్క మాట మూడు నెలల స్నేహాన్ని తుడిచేయడం చూశాను.

కుటుంబం కాని టీమ్ గురించి చెప్తానన్నాను. అక్కడ లీడర్ "మనం ఒక కుటుంబం" అని రోజుకు నాలుగుసార్లు అనేవాడు. సెలవు అడిగితే, కుటుంబంలో సెలవులేమిటి అనేవాడు. వరసగా రాత్రి డ్యూటీలు వేస్తే ఎవరూ మాట్లాడకూడదు. బయట ఎవరికైనా చెప్తే నమ్మకద్రోహం. ఏడాది తిరగకుండానే నేను ఆరోగ్యం పాడై తిరిగి వచ్చేశాను. ఆ టీమ్‌లో ఒక్కరూ చెడ్డవాళ్ళు కారు. కాని వద్దు అనే వీలు లేని చోట ఆప్యాయత పెరగదు, భయం పెరుగుతుంది.

అందుకే వెళ్ళేముందు సంస్థ దగ్గర ఇవి కాగితం మీద తీసుకో: ఏడాదికి సెలవులెన్ని, ఆరోగ్య బీమా ఎవరు కడతారు, టీమ్ లీడర్‌తోనే సమస్య వస్తే టీమ్ బయట ఎవరికి చెప్పాలి, అత్యవసరంగా ఇంటికి రావాల్సి వస్తే టికెట్ ఎవరిది. పిల్లల భద్రత విషయంలో నీకు ఏ అనుమానం వచ్చినా, టీమ్‌లో ఎంత దగ్గరివాళ్ళ మీదైనా సరే, ఆ రోజే చెప్పాలి. కుటుంబం పరువు అని దాన్ని దాచమన్నవాళ్ళ మాట వినకు.

పెళ్ళైన జంటల ఇళ్ళలో నిన్ను బాగానే కలుపుకుంటారు. వాళ్ళ పిల్లలు నిన్ను ఆంటీ అంటారు. మిషన్ స్కూళ్ళలో పెరిగే పిల్లలకు టీమ్‌లోని పెద్దలే అత్తలూ మామలూ. మా సైన్స్ మాస్టారి కూతురిని "మీ ఇంట్లో ఎంతమంది?" అని టీచర్ అడిగితే, నలుగురే ఉన్న ఇంటికి అయిదుగురు అని చెప్పిందట. సంతోషమేసింది, బాధ్యత కూడా తెలిసింది. ఆ పిల్లలు రెండేళ్ళకో ఆంటీని పోగొట్టుకుంటూ పెరుగుతారు. ఉత్తరాలు రాస్తానని మాట ఇస్తే రాయి, రాయలేకపోతే మాట ఇవ్వకు.

నీ ప్రశ్నలో ఒకటి నన్ను ఆపింది. టీమ్ ఏడుగురు అని రాశావు. ఆ స్కూల్లో ఆ దేశం టీచర్లు ఎంతమంది? వాచ్‌మన్, ఆయా, డ్రైవర్? వాళ్ళు టీమ్ కారా? విదేశీయులం మాత్రమే ఒక గుంపుగా కూర్చుంటే అది లోపలివాళ్ళకు వెచ్చగా ఉంటుంది, బయటివాళ్ళకు గోడ అవుతుంది. నేను మొదటి ఏడాది చేసిన తప్పు అదే. 1873లో చైనా వెళ్ళిన అమెరికన్ మిషనరీ లాటీ మూన్ కూడా టీచరే. అంతకు ఏడాది ముందే అక్కడికి వెళ్ళిన ఆమె చెల్లెలు ఆరోగ్యం బాగాలేక కొన్నేళ్ళకే తిరిగి వచ్చేసింది. 1885లో పింగ్‌డు అనే ఊరికి వెళ్ళినప్పుడు అక్కడ ఆమెకు టీమ్ అంటూ ఏదీ లేదు, ఉన్నది ఇరుగుపొరుగు చైనావాళ్ళే. వాళ్ళ బట్టలు కట్టి, వాళ్ళ మాట మాట్లాడి, వాళ్ళ మధ్యే బతికింది.

మా నాన్న పోయిన కబురు రాత్రి రెండింటికి ఫోన్‌లో వచ్చింది. విమానాలు కుదరలేదు, అంత్యక్రియలకు అందుకోలేను. నేను ఎవరినీ లేపలేదు, ఆ ఇంట్లో గోడలు పలచన, నా ఏడుపు విని నా పరీక్షల ఇన్‌చార్జే వచ్చింది. పొద్దున్నే ఆ దేశం టీచర్ ఒకామె తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ముసలమ్మకు ఇంగ్లీషు రాదు. నా పక్కన నేల మీద కూర్చుని సాయంత్రం దాకా నా చెయ్యి వదల్లేదు. అక్కడ సమాధి కార్యక్రమం జరిగే వేళకు ఇక్కడ అందరం గుడిలో కూర్చున్నాం. నన్ను ప్రార్థించమన్నారు. నాకు ఇంగ్లీషు నోటికి రాలేదు, తెలుగులోనే చేశాను. ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. ఒక్క ముక్క వాళ్ళకు అర్థం కాదు. ఒక్కరు కూడా కదల్లేదు.

ఇంటి దగ్గర అమ్మ సంగతి మరిచిపోకు. "ఇక్కడ నాకు ఇంకో అమ్మ దొరికింది" అని నేను ఫోన్‌లో అంటే మా అమ్మ చాలాసేపు మౌనంగా ఉంది. అప్పుడు వార్డెన్‌ను పిలిచి ఇద్దరినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టాను. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ నన్ను చూపిస్తూ తల ఊపుకున్నారు. ఆ తర్వాత మా అమ్మే ప్రతివారం ఆమె బాగోగులు అడిగేది.

వీడ్కోళ్ళకు కూడా సిద్ధంగా ఉండు. రెండేళ్ళలో ఏడుగురిలో ఇద్దరైనా మారతారు. మిషనరీ పిల్లలతో ఏళ్ళ తరబడి పనిచేసిన డేవిడ్ పోలాక్ వెళ్ళేవాళ్ళకు నాలుగు పనులు చెప్పేవాడు: మనస్పర్థలు తీర్చుకోవడం, మేలు చేసినవాళ్ళకు ఆ మాట మొహాన చెప్పడం, మనుషులకూ చోట్లకూ సరిగ్గా సెలవు తీసుకోవడం, వెళ్ళబోయే చోటు గురించి ఆలోచించుకోవడం. ఆ నాలుగింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి రాఫ్ట్ (RAFT), అంటే తెప్ప, అనేవాడు. మొదటిది ఎగ్గొట్టి విమానం ఎక్కినవాళ్ళు ఏళ్ళ తర్వాత కూడా ఆ పేరు వినగానే మొహం తిప్పుకోవడం చూశాను.

వెళ్ళిన మొదటి వారంలోనే ఒక పని చెయ్యి. నీకు చేతనైన పనే అయినా సరే, పక్క గది తలుపు తట్టి ఒక చిన్న సాయం అడుగు. బల్బు మార్చడమో, పెట్టె పైకెత్తడమో, ఏదైనా. ఎవరు వచ్చారో, ఏమన్నారో నాకు రాయి. నా పరీక్షల ఇన్‌చార్జ్ ఇప్పుడు వేరే ఖండంలో ఉంది. శనివారం రాత్రి ఫోన్ చేస్తుంది. ఆ అబ్బాయి ప్రస్తావన వస్తే "తప్పు నీదే" అని నాతో ఇప్పటికీ అంటుంది.